పల్సానాలో రెండు కత్తెరలు

బట్టల సంగతి నాకు బాగా తెలుసని ఆఫీసు మీటింగులో నోరు జారాను. నా తప్పుల్లో అది మొదటిది. నిజానికి బట్టలతో నాకున్న అనుబంధమల్లా, పాతికేళ్ళుగా మా ఆవిడ కొట్లో చీరలు తిరగేస్తుంటే వెనక స్టూలు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే. ఆ స్టూలు మీద నేను ఆర్జించిన జ్ఞానాన్ని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఆఖరికి కొనేది మొదట చూపించిన చీరే. ఇంతమాత్రం పెట్టుబడితో "నేత వ్యవహారం మనకి కొట్టిన పిండి" అని వీడియోలో గడ్డం సవరించుకుంటూ అనేశాను.

కరోనా మొదటి విడత తగ్గి, రెండోది వస్తుందంటే ఎవరూ నమ్మని చలికాలం అది. పది నెలలుగా పైన చొక్కా, కింద లుంగీతో ఉద్యోగం వెలగబెడుతున్నాను. వీధి చివర దాకా నడిచినా విహారయాత్రలా ఉండే రోజులు. "అయితే సార్, సూరత్ మీరే వెళ్ళిరండి" అన్నాడు మా మేనేజరు రమేశ్. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. సార్ అని పిలిచేది అతను, సరే సార్ అనేది నేను.

సూరత్ పక్కన పల్సానాలో ఒక మరమగ్గాల కార్ఖానా. అక్కడ వేలిముద్రతో హాజరు వేసే యంత్రాన్ని కరోనా వచ్చాక ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని బదులు కెమెరాయే మనిషి ముఖం గుర్తుపట్టి హాజరు వేసి, ఎవరు ఏ మగ్గం మీద ఉన్నారో రాసుకునే వ్యవస్థ పెట్టొచ్చా, పెట్టకూడదా అన్నది నేను చూసి రావాలి. మా వృత్తిలో దీన్ని సాధ్యాసాధ్యాల పరిశీలన అంటారు. యంత్రం పని చేస్తుందా, ఖర్చుకు తగ్గ ఫలం ఉంటుందా, పెట్టాక మనుషులు దానితో వేగగలరా అని మూడు ప్రశ్నలు. మొదటి రెంటికీ జవాబులు ఇంట్లో కూర్చునే రాసేసుకున్నాను. మూడోది మనుషుల సంగతేగా, ఒక పూట చాలనుకున్నాను. అది రెండో తప్పు. మూడో తప్పు అక్కడికి వెళ్ళాక చేశాను. దానివల్ల నేనెన్నడూ చూడని ఒక మనిషికి ఇరవయ్యేళ్ళ చోటు పోయేంత పనైంది.

కింది బెర్తు లచ్చన్న

నాకు గుజరాతీ రాదని తెలిసి, సెలవు మీద ఊరికొచ్చిన తమ తెలుగు కారీగర్ ఒకాయన్ని నాకు తోడుగా రమ్మని కార్ఖానా వాళ్ళు పురమాయించారు. మగ్గం నడిపే పనివాణ్ణి అక్కడ కారీగర్ అంటారు. ఈయన పేరు లచ్చన్న. సిరిసిల్ల అవతల పల్లెటూరు. నలభై దాటి ఉంటాయి. ముఖానికి కుట్టించుకున్న పూలపూల మాస్కు నేను తదేకంగా చూడటం గమనించి, "మా సాంచ మీద నేసిన బట్టనే సారూ" అన్నాడు. ఆ వైపు మరమగ్గాన్ని సాంచా అంటారని నాకు తెలిసింది అప్పుడే. కొట్టిన పిండి కదా మరి.

స్టేషన్లో పోలీసు నా నుదుటికి తుపాకిలాంటి జ్వరమాపకం గురిపెట్టి వదిలేశాక, బోగీలో ఎవరి బెర్తు వాళ్ళకు ఒక ద్వీపం. పలకరింపులు లేవు, పేకముక్కలు లేవు, టిఫిన్ డబ్బాల మార్పిడి లేదు. రైలు ప్రయాణం అంటే పక్కవాళ్ళ పులిహోర అని నమ్మి పెరిగిన కాకినాడ వాణ్ణి, నాకు దిగులేసింది. వాడి జంక్షన్ దాటాక లచ్చన్న సద్ది విప్పాడు. ఒక కాగితం మీద జొన్నరొట్టె, ఎల్లిపాయకారం పెట్టి, ఆ కాగితాన్ని సీటు మధ్యకు నెట్టి, తాను కిటికీ దాకా జరిగిపోయాడు.

"తీసుకోండ్రి సారూ. నా చెయ్యి తగలలే, కాయితం తోనే పట్టిన."

ఇంత దూరం జరిగి పెట్టిన అన్నం ఇంత దగ్గరగా అనిపించడం నాకదే మొదటిసారి. తిన్నాను. కారానికి కళ్ళనీళ్ళు వస్తే తుడుచుకోవడానికి మాస్కు పనికొచ్చింది.

ఆయన ఊరు వెళ్ళింది అన్న పోశంను చూడటానికి. అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో పని. లాక్‌డౌన్‌లో సగం దూరం నడిచి, సగం దూరం లారీల మీద ఇల్లు చేరారు. తరవాత పోశంకు కరోనా పట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

"డాక్టర్ ఎండకాలం దాటేదాంక సాంచాల కాడికి పోవద్దన్నడు. దూది పడదట."

"అయ్యో. మరి ఉద్యోగం?"

"ఉద్యోగం ఏడికి పోతది సారూ? సాంచాలు ఆడనే ఉన్నయి గద!"

అమాయకుడు అనుకున్నాను. ఆ మాట ఆయన నా గురించి అనుకోవాల్సింది.

పల్సానా: కళ్ళతో వినాలి

కార్ఖానా తలుపు తెరిచారు. అప్పటి వరకు చప్పుడంటే నాకు చెవులతో వినేది. అక్కడ అది అరికాళ్ళలోంచి ఎక్కి పళ్ళలోకి వచ్చింది. వరసలు వరసలుగా మగ్గాలు, ఒక్కోటీ సెకనైనా ఊపిరి తీసుకోకుండా బాదుకుంటున్నాయి. వాటి మధ్య సందుల్లో మనుషులు తొందర లేకుండా, తోటలో పాదులు చూసుకుంటున్నట్టు తిరుగుతున్నారు. ఒక్కొక్కరికి ఎనిమిది మగ్గాలు. అంత హోరులో అయిదో మగ్గం గొంతు మారిందని, దానికి వీపు తిప్పి నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. వెనక్కి తిరుగుతాడు, వెంట్రుకలాంటి పోగు తెగి ఉంటుంది, బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి ముద్దాడుకుంటాయి, ముడి పడిపోతుంది. నేను అయిదుసార్లు దగ్గరగా వంగి చూశాను. ముడి ఎలా పడిందో అయిదుసార్లూ కనబడలేదు. ఆరోసారి చూస్తానంటే ఆ మనిషి జాలిపడి నిదానంగా వేశాడు. అప్పుడూ కనబడలేదు.

నా దగ్గర ముప్ఫై ప్రశ్నల పట్టిక ఉంది. మొదటి ప్రశ్న గొంతు చించుకుని అడిగాను. ఎదుటివాడు కనుబొమలు ఎగరేశాడు. రెండోసారి అరిచాను. అరచెయ్యి అడ్డంగా తిప్పాడు. లచ్చన్న నన్ను బయటికి లాక్కొచ్చి చెప్పాడు.

"చెవులతోని ఇనకుండ్రి సారూ, కండ్లతోని ఇనుండ్రి. లోపట మేము పెదవులు జూసి మాట్లాడుకుంటం. గిప్పుడు మాస్కులొచ్చి మూతులు మూసుకపోయినయి. గందుకే చేతులు, కండ్లబొమ్మలు."

ఆ వివరం నన్ను ఆలోచనలో పడేసింది. ఇరవయ్యేళ్ళుగా శబ్దం లేకుండా కబుర్లు చెప్పుకునే వాళ్ళు. రోగం వచ్చి పెదవులు కప్పేస్తే, కొన్ని నెలల్లో ముఖం పైసగంతో కొత్త భాష తయారుచేసుకున్నారు. మేము మాస్కు పెట్టుకుని కూరగాయలవాడితో బేరం కూడా ఆడలేకపోయాం.

వ్యవస్థ కావాలన్నది శేఠ్ గారి మేనల్లుడు చిరాగ్. పాతికేళ్ళ కుర్రాడు, చదువు ముగించి కొత్తగా కార్ఖానాలో దిగాడు. శేఠ్ గారు బొంబాయిలో ఉన్నారు, నాలుగో రోజుకి గానీ రారు. చిరాగ్ హిందీలో చెప్పినదాని సారాంశం ఇది: "ఒక మనిషి, ఒక పేరు, ఒక ముఖం. ఏడు రోజులు ముఖం కనబడకపోతే పేరు దానంతటదే కొట్టేయాలి అంకుల్. మగ్గాలు వేరేవాడికి, బమ్రోలిలో కంపెనీ గది వేరేవాడికి." నేను తలాడించి రాసుకున్నాను. అంకుల్ అన్నందుకు కాస్త గట్టిగా రాసుకున్నాను.

పదకొండు ఎర్ర గీతలు

మర్నాడు ఎండ బాగుందని ఆవరణలోనే పరీక్ష పెట్టాను. నలభై మంది కారీగర్లు వరసగా రావాలి, రిజిస్టర్‌లో ఉన్న పేరు చెప్పాలి, ఒక్క నిమిషం మాస్కు దించాలి. కెమెరా ఆ ముఖాన్ని ఆఫీసులో ఉన్న గుర్తింపు కార్డు ఫోటోతో పోల్చి చూస్తుంది.

మాస్కులు దిగాయి. వరసలో అందరి పెదవులూ కదులుతున్నాయి. చప్పుడు లేదు. దైవప్రార్థన కాబోలని ముచ్చటపడి చిరునవ్వుతో నిలబడ్డాను. తరవాత తెలిసింది, నా ముక్కు ముందే నలభై మంది పెద్ద మంతనం నడిపారని. ఎవరెవరు ఎవరి పేరు మీద ఉన్నారు, యంత్రం పట్టేస్తుందా, తప్పించుకోవడమెలా అని. "కార్డు ఫోటోల ఎవ్వడు ఎవ్వడో దేవునికే తెల్వదు, మిషిన్‌కేం తెలుస్తది" అని తీర్మానించుకుని ధైర్యంగా ముందుకొచ్చారట.

మా యంత్రానికి తెలిసిపోయింది. పదకొండు పేర్ల పక్కన ఎర్ర గీతలు పడ్డాయి. పేరొకటి, ముఖమొకటి. మా సాఫ్ట్‌వేర్ ఒక్కసారిలో ఇంత బాగా పని చేయడం మా కంపెనీ చరిత్రలో లేదు. ఆనందం పట్టలేక, భోజనానికి ముందే ఆ జాబితా చిరాగ్‌కు పంపేశాను. మూడో తప్పు అదే.

చిరాగ్ కళ్ళు మెరిశాయి. "పదకొండు మంది దొంగలు! మామయ్య రాగానే అందరి పేర్లూ కొట్టిస్తాను. మీ రిపోర్టు వెంటనే ఇవ్వండి, అది చూపిస్తే కాదనలేడు."

బయట కుళాయి దగ్గర లచ్చన్న నిలబడి ఉన్నాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే. కళ్ళతో వినడం నాకు ఒక్క రోజులో అబ్బింది.

"ఏంది సారూ గిట్ల జేసిండ్రు? ఆ పదకొండు మందిల మా పోశమన్న సుత ఉన్నడు. ఆయన సాంచాల మీద నిలవడ్డది మా అక్క కొడుకు గంగాధర్. పేరు వోతే కంపెనీ ఇచ్చిన ఖోలీ వోతది. ఖోలీ వోతే మా వదినె వంటపొయ్యి వోతది. ఇరవై ఏండ్లు సారూ."

నాకు ఆయన ముందు ముఖం చెల్లలేదు. ముఖాలు గుర్తుపట్టే పని మీద వచ్చి, నా ముఖం దాచుకోవలసి వచ్చింది. ఆ రోజుకి మాస్కుకి దండం పెట్టుకున్నాను.

బమ్రోలి: తిన్నాక తిట్లు

సాయంత్రం లచ్చన్న నన్ను కారీగర్లు కాపురముండే బమ్రోలి పేటకు తీసుకెళ్ళాడు. రమ్మని అనలేదు, ఆటో వైపు నడుస్తూ వెనక్కి చూశాడు, నేను వెళ్ళాను. సందులో ఒక ఇంట్లో ఒరియా, పక్క ఇంట్లో భోజ్‌పురి, ఆ పక్కన మన తెలుగు. పోశం భార్య రాజవ్వ ఆ కంపెనీ గదిలోనే పద్నాలుగు మందికి రోజూ వండిపెడుతుంది. మొగుడి మందులు ఆ పొయ్యి మీదే నడుస్తున్నాయి.

గుమ్మంలోనే ఆపేసింది. "మా ఆయన పేరు మీద ఎర్రగీత గీసిన సారు నువ్వేనా?"

"నేనేనమ్మా."

"కాళ్ళు గడుక్కో. ముందుగాల తిను. తిన్నంక తిడత."

రెండు రోజులుగా గుజరాతీ పప్పులో బెల్లం తిని తిని నాలుక మొద్దుబారి ఉంది. రాజవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద తెర్లాలి. ఇది చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి అలాగే పోసేశారు. ప్రాణం లేచొచ్చింది. తిట్లు తినడానికి కావలసిన బలం చేకూరింది.

తిట్టింది కూడా. పద్ధతిగా, ఒక్కో పేరుకు ఒక్కో వాయ. "గా పదకొండు మందిని దొంగలన్నడట గా పిలగాడు. దొంగలెవలు? చంద్రయ్య కాలు ఇరిగింది, వాని తమ్ముడు నిలవడ్డడు. నర్సయ్య బిడ్డ కాన్పు, వాని బామ్మర్ది నిలవడ్డడు, శివరాత్రికి వస్తడు..." పదకొండు మంది పేర్లు, వాళ్ళ స్థానంలో ఎవరు, ఎందుకు, ఎప్పటి దాకా, అన్నీ చేతివేళ్ళు కూడా మడవకుండా చెప్పేసింది. ఆఖరి పేరు దగ్గర మాత్రం ఎందుకు, ఎప్పటి దాకా అన్నవి దాటేసింది. నేను లాప్‌టాప్ తెరిచి పోల్చుకుంటే ఒక్కటి తప్పలేదు.

అక్కడ దీన్ని బదలీ అంటారు. మనిషికి ఊళ్ళో అవసరం పడితే తన వాళ్ళలో ఒకణ్ణి మగ్గాల మీద నిలబెట్టి వెళతాడు. నిలబడ్డవాడు పని చేస్తాడు, కూలి తీసుకుంటాడు, కానీ మగ్గాలు తనవనుకోడు. అసలు మనిషి గుమ్మంలో కనబడిన రోజున మారుమాట లేకుండా తప్పుకుంటాడు. ఇందులో సంతకం లేదు, సాక్షి లేడు. మా ఆఫీసులో రెండు రోజులు సెలవు పెడితే నా కుర్చీలో ఎవరో కూర్చుని, లివర్ తిప్పి ఎత్తు మార్చేసి, దిగమంటే దిగరు.

"కానీ ఎవరు బదలీయో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా? ఎక్కడా రాసి లేదుగా?"

రాజవ్వ మరిదివైపు తిరిగింది. "సారుకు కటర్లు జూపెట్టలే?"

"జూస్తడనుకున్న వదినె."

"రెండు రోజులాయె, ఏం జూసినవ్ సారూ? గా కంప్యూటర్ల తలకాయ వెట్టి కండ్లు ఇంట్ల మరిచొచ్చినవా?"

ఎడమ కొక్కెం

మూడో రోజు పొద్దున్నే షెడ్డులోకి ఒక్కణ్ణే వెళ్ళాను. లాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేశాను.

ప్రతి కారీగర్‌కూ పోగులు తుంచే బుల్లి కత్తెర ఒకటి ఉంటుంది, వాళ్ళు కటర్ అనేది దాన్నే. అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని తన మగ్గాల వరసలో మొదటి మగ్గం మీద, కుడి కొక్కేనికి తగిలించుకుంటాడు. కొన్ని వరసల్లో ఎడమ కొక్కేనికి ఇంకో కత్తెర వేలాడుతోంది. చీర అంచు పీలికతో చుట్టి, మూతి కట్టేసి ఉంది. అది ఊరెళ్ళిన మనిషిది. ఎవరూ ముట్టరు. వారానికోసారి, కరెంటు ఆపే రోజున, బదలీ మనిషి దాని చుట్టు విప్పి, నూనె చుక్క వేసి, మళ్ళీ చుట్టి పెడతాడు. అసలు మనిషి తిరిగొచ్చి చేసే మొదటి పని ఎడమ కొక్కెం మీది కత్తెర తీసి కుడి కొక్కేనికి తగిలించడం. అంతే, పదవీ స్వీకారం అయిపోయినట్టే.

సందుల్లో నడుస్తూ ఎడమ కొక్కేలు లెక్కపెట్టాను. పరీక్షకు వచ్చిన నలభై మంది వరసల్లో పది.

కుడి ఎడమలు తప్పానేమోనని మళ్ళీ తిరిగాను. పదే. లచ్చన్న వచ్చి నా మోచెయ్యి పట్టుకుని చివరి వరసకు తీసుకెళ్ళాడు. అక్కడ ఎడమ కొక్కేనికి కాదు, మగ్గం నడినెత్తిన, దేవుడి పటం పక్కన ఒక కత్తెర ఉంది. లచ్చన్న ఆకాశం వైపు చెయ్యి చూపాడు: ఆ మనిషి కరోనా మొదటి విడతలోనే పోయాడు. మగ్గాల మీద బావమరిది నిలబడ్డాడు. పేరు రిజిస్టర్‌లో అలాగే ఉంది. ఎందుకు తీయలేదని కళ్ళతోనే అడిగాను. లచ్చన్న మాస్కు ఒక్క క్షణం దించి, పెదవులు నిదానంగా కదిపాడు. ఆ హోరులో నేను మొట్టమొదటిసారి చదివిన వాక్యం అది.

తీయబుద్ధి గాలె.

ముప్ఫయ్యేళ్ళుగా వ్యవస్థలు కడుతున్నాను. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఎవరి చోటు ఎవరు కాస్తున్నారు, ఎవరు ఇక రారు... ఇన్ని సంగతులు ఒక కొక్కెం మీద పెట్టి, దూరం నుంచి ఒక్క చూపుతో చదువుకునేలా, కరెంటు పోయినా పోకుండా, రోజూ తప్పు లేకుండా నడిచే వ్యవస్థను నేను కట్టలేదు. కట్టినవాణ్ణి చూడనూ లేదు. నేను కట్టినవాటిలో ఎక్కువ భాగం వ్యవస్థలు కావు, అవస్థలు.

తాపీ ఒడ్డున

ఆ సాయంత్రం నదీతీరానికి వెళ్ళాను. తాపీ పేరుకు తగ్గట్టే తాపీగా పోతోంది. ఒడ్డున తాటాకు పందిళ్ళలో పోంక్ అమ్ముతున్నారు. లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన పచ్చి గింజలు. మనవైపు ఊచబియ్యం అంటారే, ఇంచుమించు అదే. మనం బెల్లంతో తింటే వాళ్ళు మిరియాల కారప్పూసతో తింటారు. పప్పులో బెల్లం వేసేవాళ్ళు ఇక్కడ కారం వేసుకోవడం ఏమిటని అడిగితే అమ్మే ఆవిడ, "పప్పు రోజూ తింటాం, ఇది చలికాలమే తింటాం" అంది. ఇందులో తర్కమేమిటో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను గానీ, ఆవిడ చెప్పిన తీరు చూస్తే ఉండే ఉంటుంది.

పక్క బండి మీద లోచో తిన్నాను. శనగపిండి ఆవిరి వంటకం, ఇంకా రూపం తేలకముందే ప్లేటులోకి వచ్చేసినట్టుంటుంది. పైన నూనె, కారప్పూస, ఉల్లిపాయ. మన ఇడ్లీ ప్లేటు ధరే, కడుపు రెండింతలు నిండింది. మాస్కు దించడం మరిచి మొదటి చెంచా దానికే తినిపించాను. బండివాడు ఏమీ అనకుండా కాగితం అందించాడు. ఆ అందించిన తీరు చూస్తే నేను మొదటివాణ్ణి కాదని అర్థమైంది.

రిపోర్టులో ఏం రాయాలో అక్కడే తేల్చుకున్నాను. రాస్తే వింటారా అన్నది మాత్రం తేలలేదు.

శేఠ్ గారి పక్క గద్దె

నాలుగో రోజు శేఠ్ హస్‌ముఖ్‌భాయ్ వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో తాడుతో వేలాడే కళ్ళజోడు. గదిలో మెత్తటి గద్దె ఒకటి ఖాళీగా ఉంది. ఆయన దాని పక్కన మామూలు చెక్క కుర్చీలో కూర్చున్నారు. "బేసో, బేసో" అని నన్ను కూర్చోబెట్టి, టీ సాసరులో పోసి ఇప్పించారు. దూరం పాటించాలి కాబోలు, గద్దె ఖాళీగా వదిలారనుకున్నాను.

చిరాగ్ జాబితా టేబుల్ మీద పెట్టాడు. "మామయ్యా, కెమెరా తప్పు చెప్పదు. కావాలంటే నీ మీదే పరీక్ష చేయించు."

శేఠ్ నవ్వి మాస్కు దించారు. యజమాని పేరు ఏమని ఉందో అదే కొట్టమన్నారు. కార్ఖానా కాగితాల్లో యజమాని పేరు జయంతిభాయ్ అని ఉంది, ఫోటోతో సహా. నేను బొత్తాం నొక్కాను. ఎర్ర గీత పడింది.

చిరాగ్ తెర మీదికి వంగి చూశాడు.

"కరెక్టే చెప్పింది" అన్నారు శేఠ్. "జయంతిభాయ్ మా అన్న. ఈ మగ్గాలు ఆయన పెట్టినవి. పక్షవాతం వచ్చి ఊరికి వెళ్ళాడు. బాగై వచ్చేదాకా చూడమన్నాడు. పద్దెనిమిదేళ్ళైంది." ఖాళీ గద్దె మీది దుమ్ము ఒకసారి అరచేత్తో తుడిచారు. "ఇది ఆయనది."

చిరాగ్ టేబుల్ మీది జాబితాను తనవైపు లాక్కున్నాడు. నేను అప్పుడు ధైర్యం చేసి కత్తెరల సంగతి, రాజవ్వ చెప్పిన పదకొండు పేర్ల సంగతి మొత్తం చెప్పాను. శేఠ్‌కు తెలియంది అందులో ఏదీ లేదు. అయినా చివరిదాకా విన్నారు.

"నాకు తెలుసు భాయ్. కానీ రేపు కార్ఖానా నడిపేది వీడు. వీడు కాగితం మీద ఉన్నదే నమ్ముతాడు. మీరు చూసింది కాగితం మీద పెట్టండి. కాగితం ఏం చెబితే అదే చేస్తాం. పోశం పేరు ఉంచమంటే ఉంచుతాం, తీయమంటే తీస్తాం."

స్టేషన్‌కు లచ్చన్న వచ్చాడు. రాజవ్వ రొట్టెలు మూటకట్టి పంపింది. "ఏం రాస్తరు సారూ?" అని అడిగాడు. చెప్పాను. ఆయన మాస్కు దించి ఏదో అన్నాడు. రైలు కూతలో వినబడలేదు, కానీ అర్థమైంది.

తొమ్మిదో పేజీ

ఇంటికొచ్చి రెండు రోజుల్లో రిపోర్టు రాశాను. కెమెరాతో హాజరు సాధ్యమే. కానీ ప్రతి మగ్గానికీ రెండు పేర్లు ఉండాలి: మగ్గం ఎవరిదో వారి పేరు, ఇప్పుడు నిలబడ్డవారి పేరు. ఏడు రోజుల నియమం పనికిరాదు. ఎవరు ఎవరికి బదలీయో కారీగర్లే చెప్పాలి, ఆఫీసు రాసుకోవాలి. ఇదంతా తొమ్మిదో పేజీ.

రమేశ్ ఫోన్ చేశాడు. "బాగుంది సార్. కవరు మీద ఎప్పటిలాగే నా పేరు పెట్టేస్తున్నాను. ఆ తొమ్మిదో పేజీ మాత్రం తీసేశా. క్లయింటు అడిగింది ఒక మనిషి, ఒక ముఖం. మనకెందుకు సార్ కత్తెరలూ కొక్కేలూ?"

"అది లేకపోతే ఒకాయన చోటు పోతుంది రమేశ్."

"రేపు మీటింగులో నేనే ప్రెజెంట్ చేస్తాను. మీరు ఊరికే ఉండండి చాలు."

ఆ రాత్రి నేను చేసిన వీరోచిత కార్యం, తొమ్మిదో పేజీని అచ్చు తీసి టేబుల్ మీద పెట్టుకుని పడుకోవడం.

మర్నాడు తెర మీద నాలుగు గళ్ళు: శేఠ్, చిరాగ్, రమేశ్, నేను. రమేశ్ ఎనిమిది పేజీలు గడగడా చెప్పాడు. పల్సానా మట్టిలో పుట్టి పెరిగినట్టు చెప్పాడు. "కాబట్టి సార్, ఏడు రోజుల నియమంతో వెంటనే మొదలుపెట్టొచ్చు" అని ముగించాడు.

శేఠ్ కళ్ళజోడు పెట్టుకున్నారు. "చాలా బాగా చెప్పారు రమేశ్‌భాయ్. ఇది మీరు రాసిందేనా?"

"అవును సార్. స్వయంగా."

"మంచిది. మా మగ్గం మీద రెండు కత్తెరలు ఉంటాయి కదా. ఎడమవైపుది ఎందుకు?"

నా ఫోన్‌లో రమేశ్ సందేశం మోగింది. సార్, ఎడమ కత్తెర ఏంటి?

రమేశ్ గొంతు సవరించుకున్నాడు. "అది... స్పేర్ సార్."

"స్పేర్." శేఠ్ నెమ్మదిగా తలాడించారు. "ఎవరు వాడతారు దాన్ని?"

ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. మా ఆవిడ అప్పుడే కాఫీ తెచ్చి పెట్టింది. వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగాను. తెర మీద రమేశ్ పెదవులు కదులుతున్నాయి. కంగారులో తన మైకు తానే నొక్కేసుకున్నట్టున్నాడు, చప్పుడు లేదు. కానీ పల్సానాలో నాలుగు రోజులు ఉండి వచ్చిన మనిషిని నేను. సార్ ప్లీజ్, సార్ ప్లీజ్ అంటున్నాడు.

"రమేశ్‌భాయ్, మీరు బదలీ కూర్చున్నారు" అన్నారు శేఠ్, ఏమాత్రం కోపం లేకుండా. "తప్పు లేదు. అసలు మనిషిని పిలవండి."

కప్పు కింద పెట్టి మైకు తెరిచాను. టేబుల్ మీది కాగితం తీసి తొమ్మిదో పేజీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. పోశం పేరు దగ్గర ఆగాను. చిరాగ్ కలంతో ఏదో రాసుకుంటున్నాడు. రాయడం అయ్యాక మామయ్య వైపు కాకుండా నా వైపే చూసి, "రెండు పేర్లు అంటే రెండు గళ్ళు కావాలి అంకుల్. నూనె వేసే రోజు కూడా రాయించమంటారా?" అన్నాడు. ఈసారి అంకుల్ అంటే బాగానే అనిపించింది.

"పోశం పేరు ఉంటుంది" అన్నారు శేఠ్. "ఖోలీ కూడా."

మీటింగు ముగిశాక ఫోన్ తిరగేసి చూశాను. రమేశ్ దగ్గరి నుంచి ఏడు సందేశాలు. ఆఖరిదానిలో మాటల్లేవు, ప్రశ్నార్థకాలే. ముందు లచ్చన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. తరవాత మా ఆవిడకు చెప్పాను. తరవాత స్నానం చేసి, భోంచేసి, చిన్న కునుకు తీసి లేచి, ఏడు సందేశాలకూ కలిపి ఒకే జవాబు పంపాను.

"ఇప్పుడే చూశాను సార్."